ఎర్ర ఛానెల్లో జీలకర్ర

నమోదు 1

పడవ: ఐరావతం. రేవు: కొత్తదివి. సముద్రం మామూలుగా ఉంది. గాలి గురించి రాయడానికేమీ లేదు.

ఇవాళ్టి నుంచి ఈ పుస్తకం నేను రాయాలట. నా పేరు హైమావతి. పెళ్ళైన ఏడాదే ఐరావతం ఎక్కాను. తాళ్ళు చుట్టాను, ఇంజను తుడిచాను, ఇంజను నడిపాను, పడవ నడిపేవాళ్ళకి టీలు పెట్టాను. ఇన్నాళ్ళకి కెప్టెన్ కుర్చీలో కూర్చోబెట్టారు. అదీ ట్రయల్ మీద. ఒక్క తుఫాను లాగుడు సొంతంగా, తప్పు లేకుండా చేస్తే కుర్చీ నాది. చెయ్యలేకపోతే అవతలి పడవలో పనిచేసే కుర్రాడిది. మళ్ళీ ఖాళీ వచ్చేసరికి నాకు రిటైర్మెంట్ వయసొస్తుంది.

నా వెనక ఇంకో కుర్చీలో దేవసహాయం గారు కూర్చున్నారు. పరీక్ష పెట్టేది ఆయనే. ముప్ఫై ఏళ్ళు పేటలు లాగిన మనిషి. మాట తక్కువ, గొంతు సవరించుకోవడం ఎక్కువ.

ఇవాళ రెండో పేటని అడుగు గీకించడానికి లాక్కెళ్ళాం. ఆఫీసులో కొత్తగా చేరిన గుమస్తాలు నేల మీద పుట్టినవాళ్ళు కాబట్టి వాళ్ళ కోసం రాస్తున్నాను: పేట అంటే నీళ్ళ మీద తేలే పెద్ద తెప్ప. దాని మీద వంద ఇళ్ళు, బడి, గుడి, చర్చి, మసీదు, మేకలు. అడుగున నత్తలు పట్టి బరువెక్కితే రేవుకి లాగి గీకించాలి. తుఫాను వస్తుందంటే సముద్రపు గోడ లోపలికి లాగి దాచాలి. లాగుతున్నంతసేపూ జనం ఇళ్ళల్లోనే ఉంటారు. ఎవరి పొయ్యి మీదైనా పప్పుచారు తొణికిందంటే చాలు, సాయంత్రానికి మన మీద ఫిర్యాదు.

రేడియోలో వచ్చిన ప్రతి పిలుపూ, ఎవరు, ఎందుకు అన్నది దాచకుండా రాయాలని రూలు. సరే, రాస్తున్నాను. చదివాక నన్ననకండి.

పిలుపు: మా ఇంటి నుంచి. విషయం: జీలకర్ర.
జవాబు: పొయ్యి పైన రెండో అర, చక్కెర డబ్బా వెనక, ఎర్ర మూత.

దేవసహాయం గారు గొంతు సవరించుకున్నారు.

నమోదు 2

జీలకర్ర పిలుపు మీద సంజాయిషీ రాయమన్నారు. రాస్తున్నాను.

అది సింహాచలం పని. సింహాచలం మా ఇంటి సహాయి, అంటే పనిచేసే మరబొమ్మ. నేను కుర్చీ ఎక్కబోతున్నానని తెలిసి మా ఆయన విశ్వపతి ముచ్చటపడి తెచ్చారు. "ఇంక ఇంటి సంగతి నీ బుర్రలో పెట్టుకోనక్కర్లేదు హైమా, అంతా ఇదే చూసుకుంటుంది" అన్నారు. ఆయన పేట బడిలో లెక్కల మాస్టారు. మంచి మనిషి. వండుతారు, ఉతుకుతారు, పిల్లల చేత లెక్కలు చేయిస్తూనే పప్పు రుబ్బుతారు. ఒక్క వస్తువు వెతకమంటే మాత్రం ఎక్కడలేని చత్వారం వచ్చేస్తుంది. చేతిలో గరిటె పట్టుకుని గరిటె ఏదే అంటారు.

ఆ మరబొమ్మకి ఏ మల్లికో, మందారమో అని పేరు పెడదామనుకున్నారు. మా అత్తయ్య తాయారమ్మగారు ఒప్పుకోలేదు. "చాకిరీ చేసేదానికి ఆడపేరెందుకురా, ఆడవాళ్ళు చేసింది చాల్లే" అని సింహాచలం అని పెట్టారు.

దానికి నాలుగు చేతులు. చీకట్లో చీమని చూసే కళ్ళు. మొదటి నెల అది ఏ పనీ చెయ్యదు, ఓ మూల నిలబడి ఆ ఇంటి పద్ధతి నేర్చుకుంటుంది. మా ఇంటి పద్ధతి భేషుగ్గా నేర్చుకుంది. వస్తువు కనపడకపోతే ఏం చెయ్యాలి? ఉన్నచోట నిలబడాలి. ఒక్క సొరుగూ లాగకూడదు. "హైమా" అని అరవాలి. జవాబు రాకపోతే ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అరవాలి. మా ఆయన చేసేది అదే, అత్తయ్య చేసేదీ అదే. నూటికి నూరుసార్లూ వస్తువు దొరుకుతుంది. మరి దాన్నేమని తప్పు పట్టను?

నమోదు 3

సముద్రం కొంచెం పొంగు మీద ఉంది. మేకల పేటని చోటు మార్చాం.

పిలుపు: ఇంటి నుంచి. విషయం: కత్తెర. జవాబు: కుట్టుమిషన్ కింద.
పిలుపు: ఇంటి నుంచి. విషయం: కుట్టుమిషన్. జవాబు: గుడ్డ కప్పి ఉంటుంది, దాని మీద పేపర్లుంటాయి, ఆ పేపర్ల మీద మీ అయ్యగారు కూర్చుని ఉంటారు, లేవమను.
పిలుపు: ఇంటి నుంచి. విషయం: అత్తయ్య కళ్ళజోడు. జవాబు: నెత్తి మీద చూడు.

దేవసహాయం గారు ఈసారి గొంతు సవరించుకుని ఆగలేదు.

"హైమావతి గారూ, ముప్ఫై ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నాను. మా ఇంటి నుంచి ఇలాంటి పిలుపు ఒక్కటి రాలేదు. మీకే ఎందుకొస్తున్నాయి?"

"మీ ఇంట్లో కత్తెర ఎక్కడుంటుంది సార్?"

"నాకేం తెలుసు?"

"అందుకే రాలేదు సార్" అన్నాను.

ఇంజను దగ్గర నుంచి మస్తాన్‌బీ కిసుక్కున నవ్వింది. మస్తాన్‌బీ మా ఇంజను మనిషి, నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. దేవసహాయం గారు కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నారు. పరీక్ష పెట్టేవాడితో ఆ మాట అని ఉండకూడదు. నోరు ఆగలేదు.

నమోదు 4

ఆదివారం సెలవు పెట్టి ఇంట్లో ప్రతి డబ్బాకీ చీటీ అంటించాను. ఉప్పు, పప్పు, మెంతులు, మేకులు, గుండీలు, అన్నిటికీ. నడుం పడిపోయింది. ఇంక నా జోలికి రారని ఎంత సంబరపడ్డానో.

సోమవారం పొద్దున్నే పిలుపు. "అమ్మగారూ, మెంతులు అని చీటీ అంటించిన డబ్బా ఎక్కడుంది?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చెప్పాను, ఏం చేస్తాను? అవతల మెంతులు లేకుండా పులుసు కాగిపోతోంది.

నమోదు 5

తెల్ల ఛానెల్ కట్టేశాను. గుమస్తాల కోసం మళ్ళీ రాస్తున్నాను: పడవలో రెండు ఛానెళ్ళుంటాయి. తెల్లది మామూలు మాటలకి. ఎర్రది ప్రాణాపాయానికి. గోడ గేటు కాపరీ, వెనక తోసే పడవా, అందరూ ఎర్రదాని మీదే మాట్లాడతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మాట వినపడదు. ఏ ఇంటినీ ఎర్ర ఛానెల్‌కి రాకుండా ఆపకూడదని చట్టం.

తెల్లది కట్టేశాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గాలి చప్పుడు, ఇంజను చప్పుడు, అంతే. కాసేపు నిజంగా కెప్టెన్ని అనిపించింది. పాట కూడా కూనిరాగం తీశాను.

అప్పుడు ఎర్ర దీపం వెలిగింది. ఎవరో నీళ్ళలో పడ్డారనుకున్నాను.

"అమ్మగారూ, ఇంగువ ఎక్కడుంది?"

నేను ఎర్ర ఛానెల్‌కి వెంటనే పలుకుతానని అది కనిపెట్టేసింది. పలక్కుండా ఊరుకున్నాను. మళ్ళీ అడిగింది. గొంతు పెంచి మళ్ళీ అడిగింది. వెనక పడవ కెప్టెన్ "తాడు వదులైంది, తాడు వదులైంది" అని అరుస్తున్నది ఆ ఇంగువ మధ్యలో నాకు వినపడనే లేదు. మూడో పేట ఒక్క ఊగు ఊగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఒకాయన మంచం మీంచి కిందపడ్డాడు, మూడిళ్ళల్లో సాంబారు ఒలికింది.

దేవసహాయం గారు లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడగా నేనింతవరకు చూడలేదు.

"పిలుపు రావడం మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. జవాబు చెప్పడం మీ చేతుల్లో ఉంది. ఎర్ర ఛానెల్లో ఒక్క వంటింటి జవాబు మీ నోట్లోంచి వచ్చిందా, అక్కడికక్కడే కుర్చీ దిగిపోవాలి. ఇది రాయండి."

రాశాను సార్.

నమోదు 6

సహాయిలు తయారుచేసే కంపెనీకి ఫోన్ చేశాను. ఓ అమ్మాయి తియ్యగా మాట్లాడింది.

"మేడమ్, మీ సహాయి తప్పేమీ చెయ్యట్లేదు. మీ ఇంట్లో అన్నిటికంటే త్వరగా ఫలితమిచ్చే పద్ధతినే వాడుతోంది."

"ఆ పద్ధతిని మాన్పించాలమ్మా. ఎలాగో చెప్పు."

"ఆ పద్ధతి పనిచెయ్యకుండా పోవాలి మేడమ్. మీకు తెలియదు అని మీరు గట్టిగా చెప్పాలి. నాలుగైదుసార్లు వరసగా. అప్పుడది వేరే పద్ధతి వెతుక్కుంటుంది."

"ఓస్, అంతేనా?" అన్నాను.

సాయంత్రం సింహాచలం అడిగింది, "అమ్మగారూ, చాప ఎక్కడుంది?" నేను గట్టిగా ఊపిరి పీల్చి, "తెలీదు" అన్నాను. అన్నానా, వెంటనే నా నోరు, నా పాడు నోరు, "కానీ ఒకసారి తలుపు వెనక చూడు" అంది.

పక్కనే ఉన్న మస్తాన్‌బీ తలకాయ పట్టుకుంది. "అక్కా, నిజం చెప్పు. అడిగితే నీకు ఒళ్ళు పులకరిస్తుంది. నీ మొహం చూస్తున్నాగా, పెట్రోమాక్స్ లైటల్లే వెలిగిపోతుంది."

"మా గొప్ప చెప్పొచ్చావు, పో" అన్నాను. కోపమొచ్చింది. కోపం ఎందుకొచ్చిందంటే అది నిజం కనక.

నమోదు 7

పిలుపు: నాలుగో పేట, చలమయ్య గారి ఇంటి సహాయి నుంచి. విషయం: సూదీ దారం.

నేను చలమయ్య గారిని జన్మలో చూడలేదు. వాళ్ళిల్లు ఏ రంగుదో కూడా తెలీదు. కంపెనీకి మళ్ళీ ఫోన్ చేస్తే ఆ తియ్యటి అమ్మాయి చెప్పింది, సహాయిలన్నీ తాము నేర్చుకున్న మంచి పద్ధతులు ఒకదానికొకటి చెప్పుకుంటాయట. కొత్తదివి మొత్తం మీద "వస్తువు వెతకడం" అన్న పనికి అన్నిటికంటే మంచి పద్ధతి మా సింహాచలానిదేనట. కంగ్రాచ్యులేషన్స్ మేడమ్ అంది.

ఆ సూదీ దారం సహాయికి తెలీదు అని ఉంటే సరిపోయేది. కానీ అది అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది: "పాత బిస్కెట్ డబ్బాలో చూడు."

అక్కడే ఉంది! బిస్కెట్ డబ్బాలో బిస్కెట్లున్న ఇల్లు ఈ సముద్రం మీద ఒక్కటైనా లేదు. ఆ మాట చెప్పడానికి నేనే కావాలా?

మర్నాటికి పేటలన్నీ పట్టుకున్నాయి. రబ్బరు బ్యాండ్లు? తలుపు గడియకి తగిలించి ఉంటాయి. పాత చార్జర్? టీవీ వెనక సొరుగులో, ఇంకో పది చార్జర్లతో చుట్టుకుపోయి. పెళ్ళినాటి పట్టుచీర? బీరువా అడుగున, పాత దుప్పటిలో చుట్టి. అన్నీ తెల్ల ఛానెల్లోనే, డ్యూటీ దిగాకే చెప్పాను సుమండీ. అన్నీ సరిపోయాయి. ఒక ముసలాయన కృతజ్ఞతగా రొయ్యలు పంపించాడు. రొయ్యలు బాగున్నాయి.

వాతావరణం వాళ్ళు చెప్పారు, దక్షిణాన అల్పపీడనం ఏర్పడుతోందట.

నమోదు 8

ఇది ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నాను. రేడియోలో వచ్చిన మాట కాదు గానీ, రాయకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

వరండాలో అత్తయ్య నాచు ఆరబెడుతున్నారు. నేను పక్కన కూలబడి ఏడ్చేశాను. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. తుఫాను వస్తోందనీ, ఎర్ర ఛానెల్లో వందిళ్ళు ఒక్కసారి పిలుస్తాయనీ, నా నోరు ఊరుకోదనీ, కుర్చీ పోతుందనీ చెప్పాను.

అత్తయ్య నాచు తిరగేస్తూనే ఉన్నారు. "తెలీదు అనడం రావట్లేదా నీకు?"

"రావట్లేదు అత్తయ్యా."

"నేను నేర్పిస్తా. నాకు బాగా వచ్చు. నువ్వు కాపరానికొచ్చిన మర్నాడే మొదలెట్టాను."

నాకర్థం కాలేదు.

"ఆ రోజు మీ మావయ్య, తాయారూ, నా కండువా ఏదీ అన్నారు. నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. 'నాకేం గుర్తుంటుందండీ, కోడల్ని అడగండి' అన్నాను. నువ్వు ఎగిరి గంతేసి తెచ్చిచ్చావు. ఆ రోజు నాకెంత నిద్ర పట్టిందో! ఇరవయ్యారేళ్ళ తర్వాత పట్టింది."

"అంటే... మీ మతిమరుపు?"

"ఏం మతిమరుపే నా మొహం!" అని అత్తయ్య వేళ్ళు మడుస్తూ మొదలెట్టారు. పటకారు ఎక్కడుందో, నా గాజుల పెట్టె ఎక్కడుందో, నేను ఎవరికీ తెలీదనుకుని దాచుకున్న చాక్లెట్లు ఎక్కడున్నాయో, మా ఆయన పదో తరగతి మార్కుల పత్రం ఎక్కడుందో, అన్నీ గడగడా చెప్పేశారు.

"మీకు మతిమరుపని డాక్టరుకి చూపించాం కదా అత్తయ్యా! బోలెడు బిళ్ళలు రాశాడు కదా!"

"పాపం, మంచి కుర్రాడు. అవి కోళ్ళకి వేశాను. ఆ కోళ్ళు ఇప్పుడు దేని గుడ్డు అదే చూసుకుంటున్నాయి."

ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు! ఈ ఇంటి ప్రతి చెంచా నా నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఈవిడ హాయిగా ఉయ్యాల్లో ఊగుతూ, "ఏమే హైమా, నా కళ్ళజోడేదీ" అంటూ గడిపారు. ఆ మాటే అనేశాను. గట్టిగానే అన్నాను.

అత్తయ్య తగాదా పడలేదు. నాచు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నారు.

"నాకు ఆ బరువు దింపుకోవాలని మాత్రమే తెలిసిందే. కోడలి నెత్తిన పెట్టాను. కొడుకు నెత్తిన పెట్టొచ్చని నాకు తోచలేదు. ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. నీకు తోచాలి. నీకు కోడలు కూడా లేదు" అన్నారు.

నేను ముక్కు తుడుచుకున్నాను. తర్వాత ఆవిడే, "రా, ఇటు కూర్చో. 'తెలీదు' అను. 'కానీ' అన్నావంటే మొట్టికాయ వేస్తాను" అన్నారు.

నమోదు 9

నెత్తి బొప్పి కట్టింది. గాలి పెరుగుతోంది.

అత్తయ్య నేర్పిన పద్ధతి ఇది. అడిగినవాడి మొహం చూడకూడదు. వస్తువుని మనసులో తలుచుకోకూడదు. గొంతులో జాలి ఉండకూడదు. "తెలీదు" అన్నాక నోరు మూసుకుని ఏదో ఒక పని చేసుకోవాలి. ఆ చివరిదే కష్టం. అన్నాక వచ్చే నిశ్శబ్దం ఉంది చూశారూ, దాన్ని నింపాలని ప్రాణం గిలగిల్లాడిపోతుంది.

ఈ రెండ్రోజులూ అడిగినవాళ్ళందరి మీదా ప్రయోగించాను. కొందరి సహాయిలు పిలవడం మానేశాయి. మస్తాన్‌బీ కూడా వచ్చి "అక్కా, నా స్పానర్ చూశావా" అంది. "తెలీదు" అన్నాను. "అక్కా, నిజంగానే అడుగుతున్నానే" అంది. పాపం, వెతుక్కుంది.

సింహాచలం మాత్రం వదలట్లేదు. నా దగ్గరే నేర్చుకున్న విద్య కదా, అంత త్వరగా పోదు.

నమోదు 10

తుఫాను. ఆరో పేటని గోడ లోపలికి లాగాం. ఆరో పేట అంటే మా పేటే. మా ఇల్లు అందులోనే ఉంది.

పగలే చీకటి కమ్మింది. అలలు పడవ మీదుగా వెళ్తున్నాయి. గోడలో గేటు, పేట కంటే కాస్త వెడల్పు, అంతే. గేటు కాపరి ఎర్ర ఛానెల్లో కుడి, ఎడమ అని చెబుతుంటే ఆ మాట పట్టుకుని లాగాలి. మనకి వెనకేముందో కనపడదు. ఒక్క మాట వినపడకపోతే పేట మూల గోడకి తగులుతుంది. ఆ మూలనే బడి ఉంది.

గేటు దగ్గరికి రాగానే ఎర్ర దీపం వెలిగింది, ఇంక ఆరలేదు. టార్చిలైట్ ఎక్కడ? కొవ్వొత్తులెక్కడ? గొడుగెక్కడ? ఆరో పేటలో సహాయిలన్నిటికీ అన్నీ ఒక్కసారే కావాల్సొచ్చినట్టున్నాయి. గేటు కాపరి మాట ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. "ఎడ... కొవ్వొత్తులు... మకి... గొడుగు..."

"తెలీదు" అన్నాను. ఒక గొంతు ఆగింది. "తెలీదు." ఇంకొకటి ఆగింది. "తెలీదు, తెలీదు, తెలీదు." కొవ్వొత్తులు ఎక్కడుంటాయో ఆ ఇంటి సంగతి కళ్ళకి కట్టినట్టు తెలుసు నాకు, దేవుడి పటాల వెనక. పళ్ళు కొరుక్కున్నాను. ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెనక దేవసహాయం గారి ఊపిరి వినపడుతోంది.

ఇంక ఒక్కటే మిగిలింది.

"అమ్మగారూ, పెద్దమ్మగారికి కళ్ళు తిరుగుతున్నాయి. బీపీ బిళ్ళలు ఎక్కడున్నాయి?"

ఈ బిళ్ళలు ఉత్తుత్తివి కావు. నిన్ననే కొత్తవి తెచ్చి కిటికీ పక్కన నీలం సంచిలో పెట్టాను. నాలుగు మాటలు. నాలుగే నాలుగు మాటలు చెబితే చాలు. చెబితే ఆ మాట వందిళ్ళ సహాయిలూ వింటాయి. హైమావతి గారికి మళ్ళీ తెలిసిపోయింది అనుకుని అన్నీ మళ్ళీ పిలవడం మొదలెడతాయి. గేటు మధ్యలో ఉన్నాం. నోరు తెరిచాను.

అప్పుడు సింహాచలం వెనక నుంచి అత్తయ్య కేక. గాలిని కూడా చీల్చుకుని వచ్చింది.

"చెప్పకే! చెప్పావంటే చంపేస్తాను! నాకేం కాలేదు, కాస్త తల తిరిగిందంతే! నా కొడుకు ఇక్కడే ఉన్నాడు! వాడికి కళ్ళున్నాయి, వెతకనీ!"

"తెలీదు" అన్నాను.

అని నోరు మూసుకున్నాను. ఏడుపొస్తోంది, అయినా చక్రం వదల్లేదు. ఎర్ర ఛానెల్ ఒక్కసారి ఖాళీ అయిపోయింది. ఆ ఖాళీలోంచి గేటు కాపరి గొంతు స్పష్టంగా వచ్చింది. "ఎడమకి. ఇంకా ఎడమకి. అలాగే ఉంచు తల్లీ, అలాగే. వచ్చేశారు. లోపలికి వచ్చేశారు."

మస్తాన్‌బీ ఇంజను గదిలోంచి పెట్టిన కేక రేడియోలో వచ్చింది కాదు కాబట్టి రాయట్లేదు.

నమోదు 11

తాళ్ళు కట్టడం కూడా చూడకుండా పేట మీదికి దూకాను. వానలో పరిగెత్తాను. గుమ్మంలోనే ఆగిపోయాను.

ఇల్లు తిరగబడి ఉంది. ప్రతి సొరుగూ లాగి ఉంది, ప్రతి సంచీ బోర్లించి ఉంది. మధ్యలో అత్తయ్య కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. బిళ్ళ వేసుకున్నారట. తల తిరగడం తగ్గిందట. "ఎంతసేపు పట్టిందో అడగకు" అన్నారు.

మా ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. జుట్టంతా బూజు. ఆయన పక్కన సింహాచలం ఒక్కో సొరుగే తీసి, చూసి, మూసి, మళ్ళీ తీసి చూస్తోంది. సొరుగుల్లో వస్తువులుంటాయని దానికి ఇప్పుడే తెలిసింది.

"మనింట్లో మూడు టార్చిలైట్లున్నాయి హైమా, నీకు తెలుసా?" అన్నారాయన.

తెలుసు. అనలేదు.

కాసేపటికి ఆయన గొంతు మారింది. "నువ్వు తెలీదన్నప్పుడు భయమేసింది. నిజంగా భయమేసింది. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది." చుట్టూ చూశారు, బోర్లించిన సంచులన్నిటినీ. "ఇదంతా బుర్రలో పెట్టుకుని పడవ ఎలా నడిపావు?"

ఆయన జుట్టులో బూజు తీశాను.

నమోదు 12

సముద్రం తేటగా ఉంది. దేవసహాయం గారు పుస్తకం అడిగి తీసుకుని మొదటి నుంచి చదివారు. నేను చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాను. కోళ్ళ దగ్గర ఆయన భుజాలు కదిలాయి, నవ్వారో లేదో మాత్రం చెప్పలేను. చివర సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు. కుర్చీ నాది!

వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగారు.

"మా ఆవిడ ఈ రేవు ఆసుపత్రిలోనే నర్సుగా చేసి రిటైరైంది. ఆపరేషన్ గదిలో ఉండగా కూడా ఆమెకి ఇంటి నుంచి ఫోన్లు వెళ్ళేవి" అన్నారు.

"ఎవరు చేసేవారు సార్?"

ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు. "నేనే" అని వెళ్ళిపోయారు.

నమోదు 13

పడవ: ఐరావతం. కెప్టెన్: హైమావతి. ఐదో పేటని గోడ బయటికి లాగుతున్నాం.

పొద్దున్నుంచీ ఇంటి నుంచి పిలుపుల్లేవు. నిన్నా లేవు. మొన్నా లేవు. తెల్ల ఛానెల్ తెరిచే ఉంచాను. పనిచేస్తోందో లేదో అని మస్తాన్‌బీ చేత రెండుసార్లు చూపించాను. బంగారంలా పనిచేస్తోందట. అక్కా, నీకు జబ్బు చేసిందా అంది.

మధ్యాహ్నం టీ తాగాక ఉండబట్టలేక నేనే పిలిచాను. మా ఆయన పలికారు.

"ఏమండీ, అంతా బాగానే ఉందా? ఏమైనా కనపడకపోతే..."

"హైమా, అర్జెంటా?"

"కాదు."

"నూనె కాగుతోంది, పిల్లలు లెక్క మధ్యలో ఉన్నారు. పనిలో ఉండగా ఇంటి నుంచి పిలవకూడదని మేము నేర్చుకున్నాం కదా, మరి నువ్వు పడవ నుంచి పిలిస్తే ఎలా? సాయంత్రం మాట్లాడుకుందాం" అని పెట్టేశారు.

మస్తాన్‌బీ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కాస్త ఆలస్యంగా. రూలు రూలే కాబట్టి ఇదీ రాస్తున్నాను.

పిలుపు: పడవ నుంచి ఇంటికి. పిలిచినది: కెప్టెన్. విషయం: ఏమీ లేదు.